కోసిన కాయకి ఆయుష్షు

మే నెల మొదటి వారం. పొద్దున్న ఆరున్నర. నేను, మా నాన్న నలభై ట్రేల బంగినపల్లి కాయలు దించుకుని మార్కెట్లో నిలబడి ఉన్నాం. ట్రేకి ఇరవై కేజీలు, మొత్తం ఎనిమిది వందల కేజీలు. నూజివీడు వైపు మా ఊరు. ముందు రోజంతా కోత, సాయంత్రం ట్రక్ ఆటోలో ఎక్కించడం, రాత్రి ప్రయాణం. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

పాట మొదలైంది. మా కాయ దగ్గరికొచ్చిన వ్యాపారి ఒక కాయ చేత్తో నొక్కి, ముచ్చిక దగ్గర వాసన చూసి ఒక రేటు చెప్పాడు. నాన్న మొహం మారిపోయింది. వారం కిందట పక్క తోట వాళ్లకి వచ్చిన రేటులో సగం కూడా లేదు. "ఇదేంటండీ, కాయ చూశారుగా" అన్నాడు నాన్న. ఆయన కోప్పడలేదు, వెటకారమూ చెయ్యలేదు. మామూలుగానే అన్నాడు: "ఇవాళ సరుకు బాగా దిగింది బాబాయ్. ఇస్తే ఇవ్వు, లేదంటే తీసుకుపో."

నాన్న ఇచ్చేశాడు. తరుగు పోను, కమీషన్ పోను, ఆటో కిరాయి, కోత కూలీ పోను మిగిలింది ఎంతో ఇక్కడ రాయను. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ నా బుర్రలో ఒక్కటే మాట తిరిగింది: "లేదంటే తీసుకుపో." అంత ధైర్యంగా ఎలా అనగలిగాడు? మేం తీసుకుపోలేమని ఆయనకి తెలుసు. అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ గడిచిన కాయ, ఆ ఎండలో వెనక్కి తీసుకెళ్తే ఇంకో రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. ఆ రోజు బేరంలో అసలు బలం ఆయన డబ్బుది కాదు, మా కాయ కుళ్లిపోతుందన్న నిజానిది.

అందుకే ఈ వ్యాసం. "పండ్లని ఎక్కువ రోజులు నిల్వ ఉంచడం ఎలా" అనేది మనకి సెమినార్ టాపిక్. అక్కడ నిలబడ్డవాడికి అది బేరమాడే హక్కు.

ముందు నా తప్పు చెప్తాను

దీనికి నెల ముందు, ఏప్రిల్‌లో, మా బ్యాచ్ మినీ ప్రాజెక్ట్ పేరు "స్మార్ట్ ఫ్రూట్ స్టోరేజ్ సిస్టమ్". ఒక పాత ఫ్రిజ్, ఆర్డునో బోర్డు, టెంపరేచర్ సెన్సార్, తేమ సెన్సార్, ఫోన్‌లో చూసుకోవడానికి ఒక యాప్. ఇంటి దగ్గర నుంచి ఒక అట్టపెట్టె పచ్చి కాయలు తెప్పించి అందులో పెట్టాం. 4 డిగ్రీల దగ్గర సెట్ చేశాం. ఎందుకు 4 అంటే, ఫ్రిజ్ అంటే 4 కదా అనుకున్నాం. మా నలుగురిలో ఒక్కడు కూడా పుస్తకం తీసి చూడలేదు.

రివ్యూ రోజు గ్రాఫ్ అద్భుతంగా వచ్చింది. 4 డిగ్రీల గీత పిసరంత కూడా కదల్లేదు. అందరూ మెచ్చుకున్నారు, మార్కులు కూడా బాగానే పడ్డాయి. ఆ తర్వాత కాయలు బయటికి తీశాం. మొదటి రోజు బాగానే ఉన్నాయి. రెండో రోజుకి తొక్క మీద గుంటలు పడ్డాయి, బూడిద రంగు మచ్చలు. నాలుగు రోజులైనా పండలేదు. కోసి చూస్తే లోపల కండ పాలిపోయి ఉంది, రుచీ వాసనా లేవు. నాన్న ఫోన్ చేసి అడిగాడు: "ఏరా, కాయ పండిందా?" "ప్రాజెక్ట్ బాగా వచ్చింది నాన్నా" అన్నాను. ఆయన అడిగింది అది కాదని మా ఇద్దరికీ తెలుసు.

మామిడి వేడి దేశపు చెట్టు. దాని పచ్చికాయని సుమారు 12, 13 డిగ్రీల కంటే కిందకి దించి రోజుల తరబడి ఉంచితే కణాల పొరలు దెబ్బతింటాయి. దీన్ని చలి దెబ్బ అనొచ్చు. చలిలో ఉన్నంతసేపూ బయటపడదు, బయటికి తీశాక కనిపిస్తుంది. మా సెన్సార్ డిగ్రీలు చూసింది, కాయని చూడలేదు. మేమూ అంతే. (హాస్టల్ వాళ్లకి ఉచిత సలహా: పండిన మామిడి పండుని నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకోండి, పర్లేదు. పచ్చి కాయని మాత్రం పెట్టొద్దు. అరటికీ ఇదే లెక్క.)

కాయ కోసినా బతికే ఉంటుంది

ఆ అవమానం తర్వాత కూర్చుని చదివాను. అర్థమైన మొదటి విషయం ఇది: కోసిన కాయ వస్తువు కాదు, ప్రాణం. ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుంటుంది, తనలో దాచుకున్న పిండి పదార్థాన్నీ చక్కెరనీ ఖర్చు పెడుతుంది, కార్బన్ డయాక్సైడ్, నీరు, వేడి వదులుతుంది. చెట్టు మీద ఉన్నప్పుడు ఈ ఖర్చుకి చెట్టు భర్తీ చేసేది. కోశాక జమ ఆగిపోయింది, ఖర్చు మాత్రం నడుస్తోంది.

ఆ ఖర్చు వేగాన్ని నిర్ణయించేది ముఖ్యంగా వేడి. మన కెమిస్ట్రీలో చదువుకున్నదే: స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకీ ఊపిరి వేగం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. తక్కువలో తక్కువ రెండు రెట్లే వేసుకున్నా, 40 డిగ్రీల ఎండలో నాలుగు గంటలు పడి ఉన్న కాయ, 20 డిగ్రీల దగ్గర పదహారు గంటల్లో ఖర్చు పెట్టేంత ఆయుష్షుని ఖర్చు పెట్టేస్తుంది. మా కాయ ఆ రోజు చెట్టు కింద గుట్టగా పడి, ఆటో వచ్చేదాకా మధ్యాహ్నమంతా సగం నీడలో సగం ఎండలో ఉంది. మార్కెట్‌కి చేరేసరికి మేం దాని ఆయుష్షులో ఎంత భాగాన్ని తోటలోనే పోగొట్టుకున్నామో అప్పుడు తెలీలేదు.

రెండోది ఇథిలీన్. మామిడి, అరటి, ఆపిల్, టమాటా లాంటివి పండే వేళకి ఈ వాయువుని తామే తయారు చేసుకుంటాయి. ఒక కాయ వదిలితే పక్క కాయ అందుకుని తనూ మొదలెడుతుంది. మా నానమ్మ వరిగడ్డిలో కాయలు మాగబెడుతూ మధ్యలో ఒక పండిన కాయ ఎందుకు పెట్టేదో ఇప్పుడు తెలిసింది. పండించడానికి పనికొచ్చే ఆ విద్యే నిల్వ చేసేటప్పుడు శత్రువు. వంద పచ్చి కాయల ట్రేలో ఒక్క దోర కాయ చాలు, మిగతావాటినీ లేపుతుంది.

మూడోది, దెబ్బ. మామిడిని తొడిమ లేకుండా తెంపితే ముచ్చిక దగ్గర్నుంచి సొన కారుతుంది. అది తొక్క మీద పడ్డచోట కాలి నల్లబడుతుంది. నల్లమచ్చ ఉన్న కాయకి రేటు లేదు. కర్రతో దులిపి నేల మీద పడేస్తే పైకి ఏమీ కనిపించదు, లోపల కమిలిపోతుంది. ఇక మచ్చ తెగులు శిలీంధ్రం కాయ పచ్చిగా ఉన్నప్పుడే తొక్కలో చేరి నిద్రపోతుంటుంది. కాయ పండేటప్పుడు లేస్తుంది. అందుకే కొన్నాళ్లు నిల్వ పెట్టిన కాయ సరిగ్గా పండే రోజునే పాడైపోతుంది. దీనికి మందు కూడా అక్కర్లేదు. కోశాక 52 డిగ్రీల వేడినీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచితే తెగులు చాలావరకు అదుపులో ఉంటుంది. ఒక డ్రమ్ము, ఒక హీటర్, ఒక థర్మోస్టాట్. మన ల్యాబ్‌లో మూలన పడున్న సామానే.

ఇవన్నీ కలిపి నాకు తోచింది ఒక్కటే. కోసిన తర్వాత కాయకి ఆయుష్షు ఎవరూ పోయలేరు. ఉన్నదాన్ని దుబారా కాకుండా చూడగలం, అంతే. ఆ దుబారా ఎక్కువగా జరిగేది కోల్డ్ స్టోరేజ్‌లో కాదు, కోత కోసిన మొదటి ఆరు గంటల్లో.

లెక్కలోకి రాని నష్టం

ఈ టాపిక్ మీద ఏ ప్రజెంటేషన్ చూసినా మొదటి స్లైడ్‌లో "మన దేశంలో 40 శాతం పండ్లు కుళ్లిపోతున్నాయి" అని ఉంటుంది. మేమూ పెట్టాం. కానీ లూధియానాలోని సీఫెట్ సంస్థ 2015లో ఇచ్చిన దేశవ్యాప్త నివేదికలో పండ్లు, కూరగాయల నష్టం పంటని బట్టి 4.58 నుంచి 15.88 శాతం మధ్యే ఉంది. అందులో ఎక్కువ నష్టం జామకి. 2022 నాటి నాబ్‌కాన్స్ అధ్యయనంలో పండ్లకి 6.02 నుంచి 15.05 శాతం. ఇది చిన్న నష్టమేమీ కాదు. కానీ 40 కాదు.

నా అభ్యంతరం వేరే. ఈ లెక్కలు కుళ్లిపోయిన కాయని తూకం వేస్తాయి. మా నలభై ట్రేలలో ఆ రోజు కుళ్లింది ఎంత? నాలుగైదు కాయలు. లెక్క ప్రకారం మాకు నష్టమే లేదు! కానీ కుళ్లుతుందన్న భయంతో సగం రేటుకి ఇచ్చేశాం. కుళ్లిన కాయ అందరికీ కనిపిస్తుంది. భయపడి అమ్ముకున్న కాయ ఏ పట్టికలోనూ కనిపించదు. నిల్వ గురించి మాట్లాడేటప్పుడు మనం మాట్లాడాల్సింది ఈ రెండో నష్టం గురించి.

పూత మీదే తోటలు గుత్తకి ఇచ్చేయడం, రేటు బాగుందని ముదరని కాయ ముందే కోసేయడం, దాన్ని కార్బైడ్ పెట్టి రంగు తెప్పించడం కూడా ఈ భయం పిల్లలే. 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. దానికి బదులు ఇథిలీన్ వాయువుని 100 పీపీఎం వరకు వాడొచ్చు. అయినా ముదరని కాయకి ఏ వాయువు పెట్టినా రంగొస్తుందే తప్ప తీపి రాదు. కాయ ముదిరిందో లేదో తెలుసుకోవడానికి మా తాతయ్య నీళ్ల బకెట్ వాడేవాడు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. సాంద్రత నీటికంటే కాస్త ఎక్కువవుతుంది కాబట్టి. ఇది ఏ స్పెక్ట్రోమీటరూ లేని నాన్-డిస్ట్రక్టివ్ టెస్టింగ్.

మరి కోల్డ్ స్టోరేజ్ కట్టేస్తే పోలా?

రూమ్మేట్ ఇదే అడిగాడు. లెక్క వేసి చూద్దాం. ఒక టన్ను మామిడిని 35 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకి దించాలి. విశిష్టోష్ణం కేజీకి 3.7 కిలోజౌళ్లు వేసుకుంటే 74,000 కిలోజౌళ్లు, అంటే 20 యూనిట్ల పైచిలుకు వేడి తీసెయ్యాలి. మెషిన్ సీఓపీ 3 అనుకుంటే కరెంటు 7 యూనిట్లు. తలుపులు తెరవడం, గోడల వేడి, ఫ్యాన్లు, కాయ సొంత ఊపిరి వేడి అన్నీ కలిపి మూడింతలు వేసినా 21 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా కేజీకి పదిహేడు పైసలు. కాయని చల్లబరచడం ఖరీదైన పని కాదు.

ఖరీదు ఆ గదిది. మామిడి సీజన్ రెండున్నర నెలలు. మిగతా తొమ్మిదిన్నర నెలలూ గది ఖాళీ, అప్పు వడ్డీ మాత్రం ఖాళీగా ఉండదు. వేరే పంట పెడదామంటే ఒక్కోదానికి ఒక్కో చలి కావాలి. ఆపిల్‌కి సున్నా దగ్గర, మామిడికి 13 దగ్గర. అరటికీ 13 దగ్గరే కానీ, పండుతున్న మామిడి పక్కన పచ్చి అరటి గెల పెడితే ఇథిలీన్ తగిలి అదీ పండుతుంది.

హిమాచల్‌లో శరదృతువు నాటికి కోసిన ఆపిల్‌ని మనం మరుసటి వేసవిలో కరకరా నములుతున్నాం కదా అంటారు. నిజమే. కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920ల్లో చేసిన పరిశోధనల వల్ల, ఆక్సిజన్ తగ్గించి కార్బన్ డయాక్సైడ్ పెంచిన చల్లటి గదుల్లో ఆపిల్‌ని నెలల తరబడి నిద్రపుచ్చడం నేర్చుకున్నారు. కానీ ఆపిల్ చలిదేశపు కాయ, సున్నా డిగ్రీలని తట్టుకుంటుంది. మామిడికి అంత నిద్ర లేదు. 13 డిగ్రీలు, 85 నుంచి 90 శాతం తేమ ఇస్తే రెండు మూడు వారాలు. అంతకంటే ఆశపడితే అది అబద్ధం.

కానీ ఆలోచించండి, మాకు కావల్సింది ఎనిమిది నెలలు కాదు. ఆ రోజు మాకు నాలుగు రోజులు చాలు. "సరే, తీసుకుపోతాం" అనడానికి నాలుగు రోజులు.

ఇక్కడే నా అసలు అభిప్రాయం. నిల్వ గది ఎవరి చేతిలో ఉంటే కాలం వాళ్లది. అది వ్యాపారి దగ్గరుంటే, సరుకు ఎక్కువైన రోజున చవగ్గా కొని, తగ్గిన రోజున అమ్ముకునే వీలు వ్యాపారిది. అదే గది తోటల మధ్య, రైతు సంఘం చేతిలో ఉంటే ఆ వీలు రైతుది. మెషిన్ అదే, కాయ అదే, లాభం మాత్రం చేతులు మారుతుంది. కేంద్రం 2020లో లక్ష కోట్లతో వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి పెట్టింది. రెండు కోట్ల వరకు అప్పుకి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ నాలుగెకరాల మా నాన్న ఒక్కడే గది కట్టలేడు, కట్టకూడదు కూడా. పది ఊళ్ల వాళ్లు కలవాలి. ఇది ఇంజినీరింగ్ సమస్య మాత్రమే కాదని ఒప్పుకుంటాను.

ఇంకొకటీ ఒప్పుకోవాలి. నిల్వ అన్నింటికీ మందు కాదు. 2025లో చిత్తూరు తోతాపురి రైతుల సంగతి గుర్తుందా? (మా వైపు దాన్నే కలెక్టర్ కాయ అంటాం.) గుజ్జు ఫ్యాక్టరీలు కొనే రేటు పడిపోతే, కేజీకి ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. గుజ్జు కంటే ఎక్కువ కాలం నిలవుండే రూపం మామిడికి ఇంకేముంది? అయినా కొనేవాడు లేకపోతే డబ్బాలో ఉన్న కాయ కూడా రైతుని కాపాడదు. నిల్వ కొంత కాలాన్ని ఇస్తుంది. గిరాకీని పుట్టించలేదు.

ఇటుకల గది

మే మూడో వారంలో రెండో కోత. ఈసారి నేను ఊరికే కూర్చోలేదు. ఢిల్లీ పూసా సంస్థలో 1980ల్లో రాయ్, ఖుర్దియా అనే శాస్త్రవేత్తలు తయారు చేసిన ఒక గది ఉంది. కరెంటు అక్కర్లేదు. ఇటుకలతో రెండు వరసల గోడ, మధ్యలో ఏడెనిమిది సెంటీమీటర్ల సందు, ఆ సందులో ఇసుక. పొద్దున్నా సాయంత్రం ఇసుక తడపాలి. పైన తడి గోనెపట్టా, దాని మీద నీడకి తాటాకు. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కెళ్తుంది. మన కుండ సూత్రమే.

పడిపోయిన పశువుల కొట్టం ఇటుకలతో నేనూ నాన్నా రెండు రోజుల్లో కట్టాం. మా ప్రాజెక్ట్ సెన్సార్లు అందులో పెట్టాను. ఎండ మండిన మధ్యాహ్నాలు బయటికీ లోపలికీ దాదాపు 10 డిగ్రీల తేడా వచ్చింది. మబ్బుపట్టి ఉక్కపోసిన రోజు మూడు నాలుగు డిగ్రీలే. గాలిలో తేమ ఉంటే నీరు ఆవిరవదు కాబట్టి కోస్తాలో దీనికి పరిమితి ఉంది, రాయలసీమలోనో తెలంగాణలోనో ఇంకా బాగా పనిచేయాలి.

కోత కూడా మార్చాం. తెల్లవారుజామున, రెండంగుళాల తొడిమతో, చిక్కంలోకి. తర్వాత తొడిమ తుంచి కాయల్ని బోర్లించి సొన కారనిచ్చాం. చింతచెట్టు నీడలో ఆరబెట్టి, దోర కాయలు ఏరేశాం.

ఆ గదిలో పట్టింది ఐదు ట్రేలు. వంద కేజీలు. మిగతాదంతా మళ్లీ మార్కెట్‌కే పోయింది, మళ్లీ వాళ్ల రేటుకే. ఈ ఐదు ట్రేలు మాత్రం ఐదు రోజులున్నాయి. ఈలోపు అక్క విజయవాడలో వాళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కాయ గట్టిగా ఉండగానే అన్నీ పోయాయి, నాన్న చెప్పిన రేటుకి. వంద కేజీలతో మా అప్పు తీరలేదు. కానీ ఆ సీజన్‌లో నాన్న తను రేటు చెప్పిన కాయలు అవొక్కటే.

మనతో పనేంటి?

మనం ఏటా ప్రాజెక్టులు చేస్తాం. ఇంజిన్ ఆయిల్ వాసన వచ్చేవి కొన్ని, స్క్రీన్‌షాట్లు మాత్రమే ఉండేవి కొన్ని. నా విన్నపం చిన్నది. మెకానికల్ వాళ్లు తొడిమతో సహా కోసి కిందపడకుండా పట్టుకునే తేలికపాటి కర్ర చేయండి. ఉన్నవాటితో పొద్దుటి నుంచీ కోస్తే భుజాలు పడిపోతున్నాయి. ఈఈఈ వాళ్లు 52 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే వేడినీళ్ల తొట్టి చేయండి. రెండు డిగ్రీలు పెరిగితే కాయ ఉడుకుతుంది, తగ్గితే తెగులు చావదు. సివిల్ వాళ్లు ఆ ఇటుకల గదిని ఐదు ట్రేల నుంచి యాభై ట్రేలకి పెంచి చూపించండి. సీఎస్ఈ వాళ్లు ఒక మండలంలో ఈ రోజు ఎవరి తోటలో ఎంత కోత ఉందో రైతులకే తెలిసేలా చేస్తే, అందరూ ఒకే రోజు ఒకే మార్కెట్‌కి పరిగెత్తరు. నిల్వ గది అవసరమే కొంత తగ్గుతుంది.

ఏది చేసినా రివ్యూకి గ్రాఫ్‌తో పాటు కాయ కూడా తీసుకురండి. కోసి, ముక్క తిని చూపించండి. నేను ఎగ్జామినర్‌ని అయితే ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాను, మా నాన్న అడిగినట్టు: కాయ పండిందా?